బియ్యం నిండుకున్నాయి... అంటే ఉన్నట్టా, లేనట్టా?

"బియ్యం నిండుకున్నాయిరా, కొట్టుకెళ్ళి పట్రా" అని మీ అమ్మమ్మ అంటే మీరేం చేస్తారు? సంచి తీసుకుని బయల్దేరతారు. డబ్బా మూత తీసి చూడరు. నిండుకున్నాయంటే అయిపోయాయని మీకు ఎప్పుడో తెలిసిపోయింది. ఎవరు చెప్పారో గుర్తుందా? ఉండదు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు కాబట్టి.

ఇప్పుడు ఆ మాటను ఒక్కసారి కొత్తగా చూడండి. నిండు కుండ, నిండు చందమామ, నిండు నూరేళ్ళు. ఎక్కడ చూసినా నిండు అంటే ఫుల్లే. బియ్యం దగ్గరికొచ్చేసరికి నిల్లు! దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. అది ఏ కొండా ఎక్కలేదు. హాస్టల్‌కి పోతూ అమ్మతో "వెళ్ళొస్తా" అంటాం, మళ్ళీ సంక్రాంతికి గానీ రాం. చెడ్డ మాట నోటితో అనకూడదని పెద్దవాళ్ళు తిరగేసి పెట్టిన మాటలివి. మనం వాటిని మళ్ళీ తిరగేసుకుని అర్థం చేసుకుంటున్నాం. ఆ పని చేస్తున్నామన్న సంగతే మనకి తెలీదు.

సరే, ఒక పిల్లాడు వెళ్ళి డబ్బా మూత తీసి, లోపలికి తొంగి చూసి, "అమ్మమ్మా, నిండుకోలేదు, ఖాళీగా ఉంది" అన్నాడనుకోండి. ఇంట్లో ఒకళ్ళు నవ్వుతారు. ఇంకొకళ్ళు "ఎదురు చెబుతున్నాడు చూడు" అంటారు. ఎవరో ఒకళ్ళు మాత్రం గొంతు తగ్గించి "వీడికి మాటలు అర్థం కావేమో" అంటారు.

ఈ వారం నేను పట్టుకున్నది ఆ మూడో మాట. ఆటిజం ఉన్న పిల్లల గురించి మన ఇళ్ళల్లో, స్కూళ్ళల్లో తరచుగా వినిపించే మాట అది. నిజానికి ఆ పిల్లాడికి మనం అన్నది అర్థమైంది. మనం అనకుండా వదిలేసిందే అర్థం కాలేదు.

చూపు ఎటుంటే పేరు అటు

అసలు చిన్నపిల్లలకి మాటల అర్థాలు ఎలా తెలుస్తాయి? ఏడాదిన్నర పాపకి వాళ్ళమ్మ కిటికీలోంచి "అదిగో కాకి" అని చూపించిందనుకోండి. బయట కాకి ఉంది, కరెంటు తీగ ఉంది, ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర ఉంది. వీటిలో కాకి ఏది? చాలామంది పిల్లలు వెంటనే అమ్మ కళ్ళవంక చూస్తారు. ఆవిడ చూపు ఎటుందో పట్టుకుని పేరును అక్కడ అతికిస్తారు.

1997లో సైమన్ బారన్-కోహెన్, డేర్ బాల్డ్విన్ తమ సహచరులతో కలిసి దీన్నే పరీక్షించారు. పిల్లాడు ఒక బొమ్మ చూస్తుంటాడు. అదే సమయంలో ఎదురుగా ఉన్న పెద్దాయన వేరే బొమ్మవైపు చూస్తూ ఒక కొత్త పేరు పలుకుతాడు. ఆ పేరు దేనిది? ఆటిజం లేని పిల్లలు ఎక్కువమంది పెద్దాయన చూసిన బొమ్మకే ఇచ్చారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది తాము చూస్తున్న బొమ్మకే ఇచ్చారు.

ఇందులో లాజిక్ లేదంటారా? నా ముందు ఒక వస్తువుంది, అప్పుడే ఒక మాట వినిపించింది, రెండూ ఒకటే అయ్యుంటాయి. ఆలోచన సరిగ్గానే ఉంది. కాకపోతే ఇంట్లో అందరి డిక్షనరీ ఒకటి, ఈ పిల్లాడి డిక్షనరీ ఒకటి అయి కూర్చుంటుంది. పాలు అని మనం అన్నప్పుడు వాడు చూస్తున్నది తిరిగే ఫ్యాన్ అయితే? ఆ తర్వాత రోజూ "పాలు, పాలు" అని పైకి చూస్తాడు. మనం గ్లాసు తెచ్చి నోటి దగ్గర పెడతాం. వాడు విసిరికొడతాడు. మనం "మొండి" అని పేరు పెడతాం.

ఆటిజం ఉన్న పిల్లలందరూ ఇలాగే నేర్చుకుంటారని కాదు. ఎదుటివాళ్ళ చూపును పట్టుకుని నేర్చుకునేవాళ్ళు కూడా ఉన్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కొందరు అసలు మాట్లాడరు. కొందరు మూడేళ్ళకే షాపుల బోర్డులన్నీ చదివేస్తారు. ఒక్కరిని చూసి అందరినీ అంచనా వేయలేం.

ఒక పని మాత్రం చాలామందికి ఉపయోగపడుతుంది. పిల్లాడు దేన్ని చూస్తున్నాడో ముందు మనం చూడాలి, దాని పేరే చెప్పాలి. ఫ్యాన్ చూస్తుంటే "ఫ్యాన్ తిరుగుతోంది" అనాలి. "ఇటు చూడు, నా మొహంలోకి చూడు" అని గడ్డం పట్టి తిప్పడం కాదు. పిల్లల దృష్టి ఉన్న చోటే మాటను పెట్టిన తల్లిదండ్రుల పిల్లలకి, తర్వాతి ఏళ్ళలో మాటలు మెరుగ్గా వచ్చినట్టు 2002లో మైఖేల్ సిల్లర్, మరియన్ సిగ్మన్ ప్రచురించిన అధ్యయనం చెప్పింది.

'అవును' అంటే భుజాలెక్కడం

ఆటిజం గురించిన తొలి వైద్య పత్రాల్లో బాగా పేరున్నది 1943 నాటిది. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన డాక్టర్ లియో కానర్ అందులో 11 మంది పిల్లల గురించి రాశారు. మొదటి పిల్లాడు మిసిసిపీ రాష్ట్రానికి చెందిన డోనాల్డ్.

డోనాల్డ్‌కి 'అవును' అనడం నేర్పాలని వాళ్ళ నాన్న ఒక ఉపాయం చేశాడు. "అవును అను, నిన్ను భుజాల మీద ఎక్కించుకుంటా" అన్నాడు. పిల్లాడు అన్నాడు, నాన్న ఎక్కించుకున్నాడు. ఇంకేముంది, డోనాల్డ్‌కి అవును అంటే "నన్ను భుజాల మీద ఎక్కించుకో" అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ మాట ఆ భుజాల మీంచి దిగి మామూలు 'అవును' కావడానికి చాలా నెలలు పట్టింది. అలాగే దేన్నయినా కింద పెట్టమంటే నేల మీదే పెట్టేవాడు. బల్ల మీద పెట్టినా కింద పెట్టినట్టే కదా అని మనం అనుకుంటాం. డోనాల్డ్‌కి కింద అంటే నేల.

అదే పత్రంలో ఇంకో పిల్లాడున్నాడు. గోడ మీద ఉన్న పటాల గురించి వాళ్ళ నాన్న మాట్లాడితే, అవి గోడ మీద లేవు, గోడ దగ్గర ఉన్నాయని సరిదిద్దాడు. నవ్వొస్తుంది కదా? ఇప్పుడు మన తెలుగు చూడండి. గోడ మీద పిల్లి ఉందంటే పైఅంచున కూర్చుందని అర్థం. గోడ మీద బల్లి ఉందంటే గోడను కరుచుకుని ఉందని అర్థం. ఒకే గోడ, ఒకే 'మీద', రెండు వేర్వేరు చోట్లు. ఆ పిల్లాడు పట్టుకున్న లొసుగు మన భాషలోనూ ఉంది. మనకే కనిపించలేదు.

డోనాల్డ్ ఏమయ్యాడని అడగబోతున్నారా? పెద్దయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేశారు, కారు నడిపారు, గోల్ఫ్ ఆడారు, ఒక్కరే దేశాలు తిరిగారు. 2023లో, 89 ఏళ్ళ వయసులో చనిపోయారు.

"కరెంటు పోయింది"

మా అక్క కొడుకు ఉన్నాడు. పేరు రాయను. నాలుగేళ్ళప్పుడు వాడికి బాగా వచ్చిన వాక్యం "కరెంటు పోయింది". పార్కులో ఉయ్యాల ఆపితే "కరెంటు పోయింది". ఐస్‌క్రీం అయిపోతే "కరెంటు పోయింది". బస్టాండులో మా నాన్నని ఊరి బస్సెక్కించాక, వెళ్ళిపోతున్న బస్సును చూస్తూ "కరెంటు పోయింది". పక్కనున్నవాళ్ళు తలెత్తి లైట్లవంక చూసేవాళ్ళు.

గుట్టు కనిపెట్టింది అక్కే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాడు ఇష్టంగా చూస్తున్న కార్టూన్ మధ్యలో ఆగిపోయింది. అప్పుడు తను అన్న మాట అది. వాడికి ఆ వాక్యం కరెంటు గురించి కాదు. "నాకు నచ్చింది ఆగిపోయింది" అని. అలా చూస్తే వాడు ప్రతిసారీ సరైన చోటే వాడాడు.

ఆ తర్వాత అక్క "కరెంటు ఉంది కదరా" అని సరిదిద్దడం మానేసింది. వాడి వాక్యం పక్కన తన వాక్యం ఒకటి పెట్టేది. "తాతయ్య వెళ్ళిపోయాడు. బాధగా ఉంది." అంతే. కొన్ని నెలలకి వాడు రెండింటినీ కలిపి "తాతయ్య కరెంటు పోయింది" అన్నాడు. మా నానమ్మ "శివశివా, అవేం మాటలురా" అని చెవులు మూసుకుంది. అక్క మాత్రం ఎగిరి గంతేసింది. కొడుకు మొదటిసారి ఒక పాత వాక్యాన్ని విడగొట్టి, దానికి కొత్త మాట అతికించాడు మరి.

విన్న మాటను విన్నట్టే తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటారు. ఒకప్పుడు దీన్ని అర్థం లేని చిలక పలుకుగా చూసేవాళ్ళు, మాన్పించాలని చూసేవాళ్ళు. 1981లో బారీ ప్రిజంట్, జుడిత్ డుచాన్ పిల్లల వీడియోలను జాగ్రత్తగా పరిశీలించి, ఆ పలుకుల వెనక చాలాసార్లు ఒక పని ఉందని చూపించారు. తన వంతు మాట్లాడటం, అవునని ఒప్పుకోవడం, కావాలని అడగడం, తనలో తను అనుకోవడం... ఇలా.

తెలుగులో దీనికి బాగా కనిపించే ఉదాహరణ నీళ్ళ దగ్గర దొరుకుతుంది. దాహమేసిన పిల్లాడు అమ్మ దగ్గరికొచ్చి "నీళ్ళు తాగుతావా?" అంటాడు. అమ్మ రోజూ నీళ్ళిచ్చే ముందు అనే వాక్యం అదే మరి. నీళ్ళు రావాలంటే పలకాల్సిన వాక్యం అదేనని వాడి లెక్క. 'నేను', 'నువ్వు' మామూలు మాటలు కావు. కుర్చీ ఎవరు పలికినా కుర్చీయే. 'నేను' మాత్రం పలికే మనిషిని బట్టి మారిపోతుంది. దీనికి తోడు మన మర్యాదలొకటి. మందు తాగాల్సింది పిల్లాడొక్కడే అయినా "మనం మందు తాగుదామా" అంటాం. వాడు అమ్మ కూడా తాగేదాకా ఎదురుచూస్తే ఆ తప్పు ఎవరిది?

కార్డులో యాపిల్, కంచంలో యాపిల్

ఇప్పుడు ఫోన్‌లో బొమ్మలు చూపించి మాటలు నేర్పే యాప్‌లు బోలెడు. ఫ్లాష్ కార్డులు సరేసరి. ఒక పిల్లాడు వంద కార్డులు గుర్తుపడితే "వంద మాటలు వచ్చేశాయి" అని వాట్సాప్ స్టేటస్ పెట్టేస్తాం. అక్కడ కొంచెం ఆగాలి.

2008లో మెలిసా ప్రైస్లర్ చేసిన పరిశోధన ఒకటుంది. మాటలు బాగా తక్కువగా ఉన్న ఆటిజం పిల్లలకి, వాళ్ళకి తెలియని వస్తువు బొమ్మను చూపించి పేరు నేర్పారు. గుడ్లు గిలక్కొట్టే విస్క్ లాంటి వస్తువు. తర్వాత ఆ బొమ్మను, నిజమైన విస్క్‌ను పక్కపక్కన పెట్టి "విస్క్ ఏది?" అని అడిగారు. మామూలుగా చిన్నపిల్లలు అసలు వస్తువునే చూపిస్తారు, లేదా రెండింటినీ చూపిస్తారు. ఈ పిల్లల్లో చాలామంది ఒక్క బొమ్మనే చూపించారు. వాళ్ళకి విస్క్ అంటే ఆ కాగితమే.

కాబట్టి కార్డులో యాపిల్ గుర్తుపట్టిన పిల్లాడికి కంచంలో యాపిల్ ముక్క కూడా యాపిలేనని తెలిసి ఉండకపోవచ్చు. కార్డు పక్కనే పండు ఉండాలి. ఎర్రది, పచ్చది, కోసింది, కొరికింది, అన్నీ చేతికివ్వాలి.

ఇంకోటి. సాధారణంగా రెండేళ్ళ పిల్లలు ఒక వస్తువు పేరు నేర్చుకోగానే అదే ఆకారంలో ఉన్న మిగతావాటికీ ఆ పేరు వాడతారు. ఆటిజం ఉన్న చిన్నపిల్లలు మాటలు చాలానే వచ్చినా ఈ ఆకారం సూత్రాన్ని అంతగా వాడలేదని 2008లోనే కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో లెటీషియా నైగ్స్ బృందం గమనించింది. అందుకే ఇంట్లో స్టీలు గ్లాసును గ్లాసు అన్న పిల్లాడు పెళ్ళిలో పేపర్ గ్లాసును చూసి కొత్త వస్తువులా నిలబడిపోవచ్చు. నిజం చెప్పండి, గాజు పేరు పెట్టుకున్న వస్తువును స్టీలుతో చేసి, కాగితంతో చేసి, అన్నింటినీ గ్లాసే అంటున్న మనది లాజిక్కా, వాడిది లాజిక్కా?

"సిగ్గుందా?" "ఉంది."

ఇక్కడిదాకా నవ్వుకుంటూ వచ్చాం. ఇకపై నవ్వులాట కాదు.

క్లాసులో టీచర్ కోపంగా "నీకు సిగ్గుందా?" అని అడిగారు. పిల్లాడు "ఉంది" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" "రెండుసార్లు." "ఇంకోసారి ఇలా చేస్తే బయటికి పో." రెండోసారి చేశాడు, చెప్పినట్టే లేచి బయటికి వెళ్ళిపోయాడు. మూడుసార్లూ అడిగినదానికి జవాబు చెప్పాడు, చెప్పింది చేశాడు. కానీ మూడుసార్లూ దెబ్బలు పడేది వాడికే. పొగరు, ఎగతాళి, అతితెలివి అని డైరీలో రాసి పంపేది వాడి గురించే.

ఇంట్లోనూ అంతే. "చంపేస్తా" అని ముద్దుగా అంటాం. "రెండు నిమిషాల్లో వస్తా" అని గంటకి వస్తాం. అన్నిటికంటే కష్టమైన మాట "చూద్దాం". బీచ్‌కి తీసుకెళ్తావా అంటే "చూద్దాం" అంటాం. తెలుగిళ్ళల్లో దానర్థం "కుదరదు" అని మిగతా పిల్లలకి తెలుసు. ఈ పిల్లాడు సాయంత్రం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాడు. తీసుకెళ్ళకపోతే గుక్కపట్టి ఏడుస్తాడు. మనం దాన్ని మొండితనం అంటాం. వాడి వైపు నుంచి అది మాట తప్పడం. అలా ఏళ్ళ తరబడి జరిగితే వాడు మాటల్నే నమ్మడం మానేస్తాడేమో. నాకు భయమేసేది అక్కడే.

ఆటిజం ఉంటే జాతీయాలు, సామెతలు అస్సలు బుర్రకెక్కవనే అభిప్రాయం కూడా ఉంది. అది సరికాదు. 2004లో కోర్ట్నీ నార్బరీ చేసిన అధ్యయనంలో జాతీయాలు అర్థం కావడానికి ఆటిజం ఉందా లేదా అన్నదానికంటే ఆ పిల్లల భాషా సామర్థ్యమే ముఖ్యమని తేలింది. మాటను విడిగా కాకుండా ఒక కథలో పెట్టి చెబితే మరింత తేలికవుతుందని కూడా. అంటే ఇవి నేర్పగలిగినవే. "కాళ్ళకి బుద్ధి చెప్పాడు అంటే పారిపోయాడని. అందరూ సరదాకి అలా అంటారు" అని ఒక్కసారి విప్పి చెబితే, కొందరు పిల్లలు ఆ జాతీయాన్ని బొమ్మల స్టిక్కర్లలా పోగేసుకుంటారు కూడా.

అటు నుంచి చూస్తే

బ్రిటన్‌లో డామియన్ మిల్టన్ అని ఒక సామాజికవేత్త ఉన్నారు. ఆయన స్వయంగా ఆటిస్టిక్. 2012లో ఆయన అడిగింది ఇదీ: వాళ్ళకి మనం అర్థం కావడం లేదని అంటున్నారు సరే, మరి మీకు వాళ్ళు అర్థమవుతున్నారా? అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉందన్నది ఆయన వాదన.

2020లో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం పెద్దవాళ్ళతో ఒక ఆట ఆడించింది. ఒకరి నుంచి ఒకరికి ఒక కథ చెప్పుకుంటూ పోవాలి. చిన్నప్పుడు మనం చెవిలో మాట చెప్పుకుంటూ ఆడిన ఆట లాంటిదే. ఆటిస్టిక్ మనుషులే ఉన్న వరసలో కథ, ఆటిజం లేనివాళ్ళ వరసలో ఉన్నంత బాగా నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరసలోనే ఎక్కువగా జారిపోయింది. అంటే లోపం ఒక మనిషి బుర్రలో కంటే ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో ఎక్కువుంది.

ఆ ఖాళీని పెంచే సలహా ఒకటి మన దగ్గర బాగా చెలామణిలో ఉంది. "పిల్లాడు కన్ఫ్యూజ్ అవుతాడు, ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి." హైదరాబాద్‌లోనూ వింటాం, డాలస్‌లోని మనవాళ్ళ దగ్గరా వింటాం. కెనడాలో హాంబ్లీ, ఫాంబోన్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలకి, ఒకే భాష వినే ఆటిజం పిల్లలకంటే అదనపు ఆలస్యమేమీ కనిపించలేదు. మరి తెలుగు మానేస్తే ఏం పోతుంది? అమ్మమ్మతో మాట్లాడే దారి పోతుంది. ఇంగ్లీషులో తడుముకునే అమ్మ, పిల్లాడితో రోజుకి మాట్లాడే మాటలే తగ్గిపోతాయి. అసలే మాటలు తక్కువగా అందే పిల్లాడికి ఇంకా తగ్గించడం ఏం న్యాయం?

మీలో చాలామందికి ఇంకా పెళ్ళిళ్ళు కాలేదు, పిల్లల్లేరు. అయినా మీకు అక్క పిల్లలుంటారు, పక్క ఫ్లాట్ బుడ్డోడుంటాడు, ట్యూషన్ చెప్పే పిల్లలుంటారు. వాళ్ళలో ఎవరైనా మీ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే, వెంటనే ఆటిజం అని ముద్ర వేయకండి. అది తేల్చాల్సింది పిల్లల ఎదుగుదల నిపుణులు. మాటలు ఆలస్యమవుతున్నాయని అనుమానమొస్తే మాత్రం "మగపిల్లలకి మాటలు లేటే" అని ఏళ్ళు గడపకుండా త్వరగా చూపించమని వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పండి. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ నీపిడ్ లాంటి చోట్లకి వెళ్ళొచ్చు.

ఈలోగా మీరు చేయగలిగింది ఉంది. "అల్లరి చేయకు" బదులు "కుర్చీలో కూర్చో" అనండి. చేయకూడనిది చెబితే చేయాల్సింది ఏమిటో వాడే ఊహించుకోవాలి. "కాసేపాగు" బదులు గడియారం చూపించి "ముల్లు ఆరు మీదకొచ్చాక" అనండి. కుదరనప్పుడు "చూద్దాం" అనకుండా "ఈరోజు కుదరదు, ఆదివారం వెళ్దాం" అనండి. ఆదివారం నిజంగా తీసుకెళ్ళండి. జవాబు కోసం పది సెకన్లు ఆగండి, ప్రశ్నను మార్చి మార్చి అడగకండి.

ఇంకొక్కటి. చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని అడుగుతాం. దానికి "ఆఁ" అనాలని పిల్లలందరికీ తెలుసు, ఆటిజం ఉన్నా లేకపోయినా. దాని బదులు "నీకేం అర్థమైంది, చెప్పు" అని అడిగి చూడండి. నోటితో చెప్పలేకపోతే చేసి చూపించమనండి. మీరన్న మాట వాడి దగ్గర ఏ వస్తువుకి, ఏ రోజుకి, ఎవరి భుజాలకి అతుక్కుని ఉందో అప్పుడు తెలుస్తుంది. ఎక్కడుందో తెలిస్తే, అక్కడి నుంచి ఇంకో చోటికి కలిసి నడిపించుకు రావచ్చు.